ఇక్కడ నాన్-ఇమ్మిగ్రెంట్, అక్కడ నాన్-లోకల్

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చదివేవాళ్లందరికీ తెలియాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. పదమూడేళ్లప్పుడు, ఎనిమిదో తరగతి మధ్యలో, జగిత్యాల నుంచి డాలస్ పక్కకి వచ్చావు. ఇప్పుడు ఇరవై, కాలేజీలో రెండో ఏడు. హెచ్-4 మీద, అంటే నాన్న ఉద్యోగ వీసా హెచ్-1బీని ఆధారం చేసుకుని కుటుంబానికి ఇచ్చే వీసా మీద ఉన్నావు, వచ్చే ఏడాదికి ఇరవై ఒకటి నిండుతాయి. వచ్చిన కొత్తలో నిన్ను ‘ఫాబ్’ అని, అంటే ఇప్పుడే ఓడ దిగినవాడు అని, ఏడిపించినవాళ్లే ఇప్పుడు ‘నువ్వు మాలో ఒకడివిరా’ అంటున్నారు. అది విన్నా సంతోషం కలగట్లేదు. పోయిన వేసవిలో అక్క పెళ్లికి వెళ్తే ‘ఏందిరా, నీ తెలుగు గిట్లయింది’ అని బావలూ బామ్మర్దులూ నవ్వారు. భోజనాల దగ్గర నీ ఆకు పక్కన మాత్రం సీలు తియ్యని నీళ్ల బాటిల్ పెట్టారు. ఇంట్లో అమ్మ రోజుకోసారి ‘మనం ఇండియన్స్‌మి’ అంటుంది. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. ‘ఇంతకీ నేను ఎక్కడివాణ్ని అన్నా?’ అని అడిగావు.

నా వయసుకి నన్ను బాబాయ్ అనాలి, అయినా అన్నా అంటే నాకూ బాగానే ఉంది, అలాగే కానియ్.

నేను 1996లో పద్నాలుగేళ్లప్పుడు ఖమ్మం నుంచి న్యూజెర్సీ వచ్చాను. పదిహేడేళ్లుగా ఇక్కడి ఒక ప్రభుత్వ హైస్కూల్లో కౌన్సెలర్‌గా పని చేస్తున్నాను. నీలాంటి పిల్లలు ఏటా నా గదికి వస్తారు. ఆ అనుభవంతో చెప్తున్నా: నువ్వు ఒకే ముడి అనుకుంటున్నది నిజానికి రెండు ముళ్లు. ఒకటి కాగితాలది, రెండోది మనసుది. రెండూ పెనవేసుకుపోయి ‘నేనెవరిని’ అనే పెద్ద ప్రశ్నలా కనిపిస్తున్నాయి. కాగితాల ముడిని ధ్యానంతో విప్పలేం, మనసు ముడిని లాయరు విప్పలేడు.

ముందు కాగితాలు.

హెచ్-4లో నీ పేరు మీద నీకంటూ ఏమీ లేదు. మీ నాన్న హెచ్-1బీకి తోక అది. చదువుకోవచ్చు, కారు నడపొచ్చు, పని మాత్రం చెయ్యకూడదు. 2015లో కొందరు హెచ్-4 వాళ్లకి వర్క్ పర్మిట్ ఇచ్చారు గానీ అది భార్యకో భర్తకో తప్ప పిల్లలకి కాదు. నీ క్లాస్‌మేట్లు పదహారేళ్లకే పిజ్జా షాపులోనో, స్విమ్మింగ్ పూల్ దగ్గర లైఫ్‌గార్డుగానో చేరి మొదటి జీతం తెచ్చుకున్నప్పుడు నువ్వేమన్నావు? ‘నాకు అంత ఇంట్రెస్ట్ లేదు’ అని ఉంటావు. నా గదికి వచ్చే హెచ్-4 పిల్లలు చెప్పే మొట్టమొదటి అబద్ధం అదే. నిజం చెప్పాలంటే వీసా చరిత్రంతా చెప్పాలి, పదహారేళ్ల పిల్లలకి అంత ఓపిక ఎక్కడిది? అలా చిన్న చిన్న అబద్ధాలు పోగుపడి, ‘నన్ను వీళ్లకి అసలు తెలీదు’ అనే భావం గట్టిపడుతుంది. స్నేహితులు ‘మాలో ఒకడివి’ అన్నా సంతోషం కలగకపోవడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం. వాళ్లు ‘మాలో’ అంటున్నది నువ్వు దాచిపెట్టిన సంగతులు తీసేయగా మిగిలినవాణ్ని.

ఇక ఇరవై ఒకటో పుట్టినరోజు. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డులు కుటుంబసభ్యులతో కలిపి ఏడాదికి దాదాపు 1,40,000. మామూలుగా ఏ దేశానికీ అందులో 7 శాతం మించి ఇవ్వకూడదని నియమం. మనవాళ్లు లక్షల్లో ఉన్నారు కాబట్టి ఇండియా క్యూ పదేళ్లు దాటి వెనకబడింది. నాన్న ఆ క్యూలో నిలబడి ఉండగానే నీకు ఇరవై ఒకటి వచ్చేస్తాయి, ఆ రోజుతో నువ్వు ‘పిల్లవాడి’ లెక్కలోంచి జారిపోతావు. 2012లో వచ్చిన డాకా గురించి, అంటే చిన్నప్పుడే వచ్చి కాగితాలు లేకుండా ఉండిపోయినవాళ్లని పంపెయ్యకుండా ఆపే పథకం గురించి కొందరు చెప్తారు, అది నీకు వర్తించదు. నువ్వు వచ్చింది చాలా తర్వాత. ముందే వచ్చిన హెచ్-4 పిల్లలకి కూడా అది అందలేదు, ఎందుకంటే ఆ ఏడు జూన్ 15 నాటికి సక్రమమైన వీసా లేనివాళ్లకే అది. పద్ధతి ప్రకారం వచ్చినందుకే పనికిరాకుండా పోయారన్న మాట. ఇలాంటి పిల్లల్ని ఇక్కడ ‘డాక్యుమెంటెడ్ డ్రీమర్స్’ అంటారు. వీళ్ల కోసం 2021లో కాంగ్రెస్‌లో ఒక బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. దాన్ని నమ్ముకుని కూర్చోకు.

నీ చేతిలో ఉన్నవి రెండు. మొదటిది సీఎస్‌పీఏ అనే 2002 చట్టం, క్యూ ఆలస్యం వల్ల పిల్లలు వయసు దాటిపోకుండా కొంత కాపాడేది. గ్రీన్ కార్డు నంబరు మీ నాన్న తేదీకి అందిన రోజున నీ వయసెంతో చూసి, అందులోంచి ఐ-140 పిటిషన్, అంటే గ్రీన్ కార్డు కోసం నాన్న కంపెనీ వేసే అర్జీ, ఎన్ని రోజులు పెండింగ్‌లో ఉందో అన్ని రోజులు తీసేస్తారు. మిగిలింది ఇరవై ఒకటి లోపు ఉంటే ఇంకా పిల్లవాడివే, ఆ తర్వాత ఏడాదిలోపు గ్రీన్ కార్డుకి అడుగు వెయ్యాలి. ఇందులో ఒక తమాషా ఉంది. డబ్బు కట్టి ప్రీమియంలో రెండు మూడు వారాల్లో ఐ-140 తెప్పించుకున్నవాళ్ల పిల్లలకి తీసేయడానికి రోజులే ఉండవు. నెలల తరబడి నానినవాళ్ల పిల్లలకి అంత మేలు. ప్రభుత్వం నెలనెలా ఇచ్చే రెండు తేదీల చార్టుల్లో ఏది చూసి నంబరు అందినట్టు లెక్కన్నది కూడా మారుతూ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో పిల్లలకి కలిసొచ్చేలా మార్చారు, 2025 ఆగస్టులో మళ్లీ పాత పద్ధతికి తెచ్చారు. కాబట్టి ఎవరో సీనియర్ అన్న మాట కాకుండా ఈ రోజు ఉన్న నియమం చూసుకో. కంపెనీ లాయరు కంపెనీ మనిషి. నీ కోసం ఒక గంటకి డబ్బు కట్టి విడిగా వేరే లాయర్ని కలవండి.

రెండోది ఎఫ్-1కి, అంటే స్టూడెంట్ వీసాకి మారడం. పుట్టినరోజు ముందే, హెచ్-4 చెల్లుబాటులో ఉండగానే దరఖాస్తు పడాలి. కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఈ సెమిస్టర్లోనే వెళ్లు, పుట్టినరోజుకి రెండు నెలల ముందు కాదు. ఎఫ్-1 వచ్చాక క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు, డిగ్రీ తర్వాత ఓపీటీ, అంటే చదివిన రంగంలో పని చేసుకునే అనుమతి, 12 నెలలు, సైన్సో ఇంజినీరింగో అయితే ఇంకో 24. ఫెడరల్ ఆర్థిక సాయం హెచ్-4లో రాదు, ఎఫ్-1లోనూ రాదు. ఫీజు స్థానికుల రేటా, బయటివాళ్ల రేటా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, రిజిస్ట్రార్ ఆఫీసులో అడుగు.

ఈ ఎఫ్-1 దగ్గరే పిల్లలు విరిగిపోవడం చూశాను. ఎఫ్-1 ఇవ్వాలంటే చదువయ్యాక నీ దేశానికి తిరిగి వెళ్తావని అవతలివాళ్లు నమ్మాలి. ఎప్పుడైనా పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేట్‌లో కిటికీ ముందు నిలబడితే, ఇక్కడే మీసం మొలిచిన కుర్రాడు ‘నా ఇల్లు ఇండియాలోనే ఉంది’ అని రుజువు చేసుకోవాలి. ఆ ఇండియాలో సీలు తియ్యని బాటిల్ పెడతారు. మా స్కూల్లో చదివి వెళ్లిన ఒక అమ్మాయి, ఒంగోలు వైపు నుంచి ఐదో ఏట వచ్చిన పిల్ల, ఫోన్ చేసి అంది: ‘సార్, వాళ్లు ఫారంలో హోమ్ అడ్రస్ అడిగారు. మా తాతగారి ఇంటి డోర్ నంబరు నాకు తెలీదు. అమ్మని అడిగి రాశాను. ఏదో దొంగతనం చేసినట్టు అనిపించింది.’

నీ నిద్రలేమిలో ఇదెంతో, నిజమైన ‘నేనెవరిని’ ఎంతో విడదీసి చూడు. చట్టం నీకు సమాధానం ఇవ్వకుండా నాన్చుతుంటే, ఆ సమాధానం నీ లోపల లేదేమిటని నువ్వు వెతుక్కోవడం అన్యాయం.

నా విషయంలో ఇదేమీ జరగలేదు. 2001లో నాకు పంతొమ్మిదేళ్లప్పుడు మా అందరికీ గ్రీన్ కార్డులు వచ్చేశాయి. అప్పటికి క్యూ చిన్నది, అంతే. మా తరం వాళ్లు ‘మేం కూడా కష్టపడే వచ్చాం, అన్నీ సర్దుకుంటాయి’ అంటే సగమే నమ్ము.

ఇప్పుడు రెండో ముడి.

క్యూబాలో పుట్టిన రూబెన్ రుంబాట్ అనే సమాజశాస్త్రవేత్త పిల్లలుగా వలస వచ్చినవాళ్లకి ‘ఒకటిన్నర తరం’ అని పేరు పెట్టాడు. పెద్దయ్యాక వచ్చినవాళ్లు మొదటి తరం, ఇక్కడ పుట్టినవాళ్లు రెండోది, మధ్యవాళ్లు ఒకటిన్నర. ఆయనే తర్వాత దాన్ని ఇంకా చీల్చాడు: ఐదేళ్లలోపు వచ్చినవాళ్లు ఒకటీ ముప్పావు, ఆరు నుంచి పన్నెండు ఒకటిన్నర, పదమూడు నుంచి పదిహేడు ఒకటింపావు. మన కూరగాయల తూకంలాగా ఉంది కదా. నువ్వూ నేనూ ఒకటింపావు బాపతు. మీ చెల్లి నాలుగేళ్లప్పుడు వచ్చిందన్నావు, ఆమె ఒకటీ ముప్పావు. ఒకే విమానంలో వచ్చారు, ఒకే ఇంట్లో ఉంటారు, అయినా ‘దానికి ఏ బాధా లేదు, నాకే ఎందుకు’ అని రాశావు చూడు, సంగతి అక్కడుంది. ఆమెకి పోగొట్టుకోవడానికి గుర్తులు లేవు. నీకు జగిత్యాలలో స్నేహితులున్నారు, క్లాసులో ఒక ర్యాంకుంది, క్రికెట్ టీములో ఒక స్థానముంది, గల్లీలో నీ పేరుంది. పదమూడేళ్లవాడికి అవి చిన్న ఆస్తులు కావు. అవి వదిలేసి వచ్చావని ఎవరూ గుర్తించలేదు, ‘పిల్లలు తొందరగా అలవాటు పడతారు’ అన్నారు. నాకూ అదే అన్నారు.

పేరు సంగతి కూడా చెప్తాను. మా నాన్న పాస్‌పోర్టు ఫారం నింపేటప్పుడు ఇంటిపేరు ముందు, వెంకట తర్వాత, పిలిచే పేరు చివర రాశాడు, మనం రాసుకునే పద్ధతిలోనే. న్యూజెర్సీ స్కూలు కంప్యూటర్‌లో నేను ‘వెంకట’ అయిపోయాను. టీచర్లు దాన్ని ‘వెన్’ చేశారు. ఇంట్లో ఎవరూ నన్నెప్పుడూ అలా పిలవలేదు. పదేళ్లపాటు బయట వెన్, ఇంట్లో ఇంకోడు. మా స్కూల్లో ఇప్పుడు ఒకే గ్రేడులో ముగ్గురు సాయిలు, ఇద్దరు వెంకటలు ఉన్నారు. మొదటిరోజే వాళ్లని పక్కకి పిలిచి ‘ఇంట్లో ఏమంటారు?’ అని అడుగుతాను. ఆ పేరే రికార్డులో ‘పిలిచే పేరు’ దగ్గర ఎక్కిస్తాను, రెండు నిమిషాల పని. నువ్వు కాలేజీలో ఏ పేరుతో ఉన్నావో నాకు తెలీదు, కానీ అది నీకు నచ్చనిదైతే మార్చుకో. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇదంతా పక్కన పెడితే నాకు చాలా ఆలస్యంగా, ముప్పై ఏళ్లు వచ్చాక తెలిసిన విషయం ఒకటుంది. నీకు ఇరవైకే చెప్పాలనే ఇంత రాస్తున్నాను.

మన తెలుగు మనం బయల్దేరిన రోజున ఆగిపోతుంది. నీ తెలుగుకి ఇప్పుడు కూడా పదమూడేళ్లే. గాలిపటం గురించి, ఆకలి గురించి, క్రికెట్ గురించి, మాస్టారి మీద కోపం గురించి బాగా మాట్లాడతావు. అప్పు గురించి, ప్రేమ గురించి, ఇల్లు పంచుకోవడం గురించి, ఒకరు చనిపోతే వాళ్ల పిల్లలతో ఏమనాలో, పెద్దవాళ్లతో ఒప్పుకోనప్పుడు మర్యాద తప్పకుండా ఎలా చెప్పాలో, ఇవేవీ రావు. ఎందుకంటే ఆ సంగతులు నీ జీవితంలోకి వచ్చేటప్పటికి నువ్వు ఇంగ్లీషులో ఉన్నావు. అమ్మానాన్నలతో ఏడేళ్లుగా మాట్లాడే మాటలు రాసి చూసుకో. తిన్నావా, లేచావా, ఎక్కడున్నావు, పరీక్ష ఎప్పుడు, చలిగా ఉంది జాకెట్ వేసుకో. ఎనిమిదో తరగతి పిల్లాడికి చెప్పే మాటలే. నువ్వు ఇంగ్లీషులో ఇరవై ఏళ్లవాడివి, తెలుగులో పదమూడేళ్లవాడివి. జగిత్యాలలో బావలు నవ్వింది నీ యాస మీద అనుకున్నావు. మీసాలొచ్చినవాడు పిల్లాడిలా మాట్లాడుతున్నాడని నవ్వి ఉంటారు. వాళ్లకీ ఆ సంగతి విడమర్చి చెప్పడం తెలీదు.

అమెరికా కూడా నిన్ను పెద్దవాణ్ని కానివ్వలేదు. పని చెయ్యనివ్వదు, హోదా నాన్న తోక. రెండు చోట్లా నువ్వు పిల్లవాడివే, ఒకచోట భాష వల్ల, ఒకచోట వీసా వల్ల. ‘నేను ఎక్కడివాణ్ని’ అని నువ్వు అడుగుతున్నావు గానీ, అంతకన్నా ముందు ‘నేను ఎక్కడ పెద్దవాణ్ని’ అని అడిగి చూడు. నాకు ఈ రెండో ప్రశ్నే పనికొచ్చింది.

ఎలాగో చెప్తాను. 2012 వేసవి. మా తాతయ్య పోయి రెండేళ్లు, నాయనమ్మ ఖమ్మంలో ఒక్కతే ఉంది. అంతకుముందు నేను వెళ్లినప్పుడల్లా చుట్టంలాగే: సోఫాలో కూర్చోబెట్టి ఫ్యాన్ వేసేవాళ్లు, ‘ఎండకి వెళ్లకు నాన్నా, నీకు పడదు’ అనేవాళ్లు. వారం గడిచేసరికి విసుగొచ్చి, నాయనమ్మ మీద కాకుండా దేశం మీద కోపంతో తిరిగొచ్చేవాణ్ని. ఆ వేసవి మాత్రం పెదనాన్నకి మోకాలి ఆపరేషనైంది. ఇంటి పన్ను కాగితాలు ఇంకా తాతయ్య పేరునే ఉన్నాయి, నాయనమ్మ పేరుకి మార్చాలి. వెళ్లడానికి మనిషి లేడు. ‘నువ్వెళ్లగలవా?’ అని పెదనాన్న నన్ను అడిగాడు, నమ్మకం లేకుండానే.

వెళ్లాను. మొదటి రోజు ఆ ఆఫీసులో గుమాస్తా చెప్పినదాంట్లో నాకు మూడో వంతు అర్థం కాలేదు. వారసుల ధ్రువీకరణ, నకలు, చలాను, అభ్యంతరం లేదని అఫిడవిట్. ఇవి తెలుగు మాటలా, కావా అన్నది కూడా నాకు అనుమానమే. ఇంగ్లీషులో అడిగితే గుమాస్తా నన్ను ‘సార్’ అనడం మొదలుపెట్టాడు, పని మాత్రం ఆగిపోయింది. మర్నాడు తెలుగులోనే, రాకపోయినా తడుముకుంటూ అడిగాను. ‘రేపు రండి’ అన్నాడు. మూడు రేపుల తర్వాత ‘రేపంటే ఎన్నింటికి సార్?’ అని అడగడం నేర్చుకున్నాను. స్టాంపు పేపర్లు అమ్మే ఆయన దగ్గర కూర్చుని అఫిడవిట్ రాయించాను, అందులో వాడిన భాష రాత్రి నాయనమ్మకి చదివి వినిపిస్తే ఆమె తప్పులు దిద్దింది. తాతయ్యకి చెల్లెలు ఒకావిడ ఉండేదని, చిన్నప్పుడే పోయిందని, వారసుల పేర్లు రాసేటప్పుడే నాకు తెలిసింది. పద్నాలుగేళ్లు ఆ ఇంట్లో పెరిగాను, ఆ మాట ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే పిల్లలకి చెప్పే మాట కాదు.

పని పదకొండు రోజులు పట్టింది. తొమ్మిదో రోజున జిరాక్స్ షాపు కుర్రాడు నన్ను చూసి ‘ఇంకా కాలేదా అన్నా?’ అన్నాడు. ఆ రోజు నాకు మజ్జిగ ఇచ్చిన చోట కుండలో నీళ్లు కూడా తాగాను. కడుపు పాడైంది, అది వేరే సంగతి.

ఆ పదకొండు రోజుల్లో ‘నేను ఇండియన్‌నా, అమెరికన్‌నా’ అన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. చలాను ఎక్కడ కట్టాలన్నదే ఆలోచన.

అప్పటికే నేను అమెరికా పౌరుణ్ని. మన రాజ్యాంగం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి ఇండియా పాస్‌పోర్టు వెనక్కి ఇచ్చేశాను. ‘క్యాన్సిల్డ్’ ముద్ర వేసి తిరిగిచ్చారు, ఇప్పటికీ బీరువాలో ఉంది. చేతిలో ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. దానిమీద పౌరుడనే మాట ఉంటుంది గానీ ఓటుండదు, వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. రెండేళ్లకి, 2014 జూన్ 2న, ఖమ్మం తెలంగాణలో భాగమైంది. నేను బయల్దేరిన రాష్ట్రం పేరు కూడా మారిపోయింది. నీ కాగితాలూ చూడు: ఇక్కడ నాన్-ఇమ్మిగ్రెంట్, అక్కడ ఎప్‌సెట్ (పాత ఎంసెట్) లెక్కలో నాన్-లోకల్, బ్యాంకులో నాన్-రెసిడెంట్. ఏ కాగితం చూసినా ‘నాన్’ తప్ప ఇంకేమీ లేదు. కాగితాల్ని అడిగితే అవి నువ్వేంకాదో మాత్రమే చెప్తాయి. మా ఖమ్మం వాళ్లకి ఇది ముందే అలవాటు. హైదరాబాద్‌లో ‘మీరు ఆంధ్రావాళ్లా?’ అంటారు, విజయవాడలో ‘తెలంగాణ వాళ్లా?’ అంటారు. మేం నవ్వి ఊరుకుంటాం.

ఇక్కడి తెలుగువాళ్లలో కలువు, అంతా సర్దుకుంటుంది అని నీకు చాలామంది చెప్తారు. కొంతవరకే నిజం. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) 1977 నుంచి ఉంది, తర్వాత ఇలాంటి సంఘాలు ఎన్నో వచ్చాయి. ఆ సభల్లో మీ అమ్మానాన్నలకి వాళ్ల యవ్వనం దొరుకుతుంది. నీ యవ్వనం అక్కడ లేదు, నిన్ను స్టేజీ ఎక్కించి డాన్స్ చేయిస్తారు. వాళ్లని తప్పు పట్టట్లేదు, అది వాళ్ల అవసరం. ఇంకోటి, చెప్పడానికి నామోషీగా ఉంది గానీ చెప్పాలి: పదమూడేళ్లకి వచ్చినవాడికి తన కులం పేరు సరిగ్గా తెలిసేది ఒక్కోసారి ఇక్కడే. ‘మీరేవిట్లు?’ అని ఆంటీలు చుట్టూ తిప్పి అడుగుతారు. నాకు తెలిసింది ఎడిసన్‌లో ఒక పుట్టినరోజు పార్టీలో, పదిహేనేళ్లప్పుడు. ఎక్కడైనా ఆ లెక్క మీద నిన్ను దగ్గరికి తీసుకుంటే, ఎంత ఆప్యాయంగా ఉన్నా, అది ఇంకెవర్నో దూరం పెట్టి నీకిచ్చిన చోటని గుర్తుంచుకో.

సభల కన్నా మనబడి లాంటి చోటు నీకు ఎక్కువ పనికొస్తుంది. సిలికానాంధ్ర అనే సంస్థ వాళ్లు 2007లో మొదలుపెట్టిన తెలుగు బడి అది, మీ ప్రాంతంలోనూ ఉంటుంది. చదువుకోడానికి కాదు, వారాంతం సాయం చెయ్యడానికి వెళ్లు. ఏడేళ్ల పిల్లకి ‘ళ’కీ ‘ల’కీ తేడా చెప్పాల్సివచ్చినప్పుడు నువ్వు తెలుగులో ఒక్కసారిగా పెద్దవాడివైపోతావు. నీ జగిత్యాల మాట అక్కడ తప్పని ఎవరైనా దిద్దితే ఒప్పుకోకు. రాసేది రాసే పద్ధతిలో నేర్పు, మాట్లాడేది మీ ఇంటి మాట మాట్లాడు. పిల్లలు రెండూ పట్టుకుంటారు, వాళ్లకేం ఇబ్బంది లేదు. డబ్బు తీసుకునే పని మాత్రం వద్దు, హెచ్-4 మీద ఉన్నావు, ఊరికే చేసే సేవ కూడా నిజంగా సేవే అయ్యుండాలి. ఇది కూడా లాయర్ని అడగాల్సిన విషయమే.

ఇంగ్లీషు వైపు చెయ్యాల్సింది ఒకటే: ఒక్క స్నేహితుడికి, అందరికీ కాదు, నీ వీసా సంగతి మొత్తం చెప్పు. పిజ్జా షాపు అబద్ధంతో సహా. వాడు ‘అయ్యో’ అంటాడేమో, అర్థం కాక తెల్లమొహం వేస్తాడేమో. ఏదైనా సరే, ఆ తర్వాత వాడు ‘మాలో ఒకడివి’ అంటే అది నీ గురించే అయ్యుంటుంది.

నిద్ర గురించి తేలిగ్గా తీసుకోవద్దు. రెండు వారాలకి మించి ఇలాగే ఉంటే క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లు. వీసాకీ దానికీ సంబంధం లేదు, అక్కడ చెప్పింది ఎవరికీ వెళ్లదు, ఎవరికైనా ప్రమాదం ఉందనిపిస్తే తప్ప. బతకడం దేనికి అనిపించే రాత్రి ఎప్పుడైనా వస్తే 988కి ఫోన్ చెయ్యి, లేదా మెసేజ్ పెట్టు, ఇరవై నాలుగు గంటలూ ఉంటారు. ఇండియాలో ఉన్నప్పుడైతే టెలీ మానస్, 14416, తెలుగులో మాట్లాడతారు. ఇది నా ఉద్యోగం కాబట్టి చెప్తున్నాననుకోకు. నేను పదిహేడేళ్లప్పుడు ఒక చలికాలం అంతా ఎవరికీ చెప్పకుండా గడిపాను, అప్పుడెవరూ నాకీ నంబరు ఇవ్వలేదు.

ఆఖరిగా ఈ వారానికి ఒక పని. మీ నాన్న దగ్గర కూర్చో. ఐ-140 ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆమోదించారు, ప్రయారిటీ డేట్ (క్యూలో ఆయన చోటు చెప్పే తేదీ) ఎంత, ప్రీమియమా మామూలా, ఈ నాలుగూ అడుగు. తెలుగులోనే అడుగు. ఆయన ‘నీకెందుకురా, నేను చూసుకుంటా, నువ్వు చదువుకో’ అంటాడు. ఎందుకంటే ఆయన కళ్లకి నువ్వింకా జగిత్యాల బస్టాండులో బ్యాగు పట్టుకుని నిలబడ్డ పిల్లాడివే. అప్పుడు లేచిపోవద్దు. ఇక్కడికి రావడానికి ఎంత అప్పు చేశారో అడుగు. ఉద్యోగం పోయి, వీసా నిలవాలంటే కొత్తది వెతుక్కోవాల్సిన అరవై రోజుల గడువులో పడ్డ టెన్షన్ ఎప్పుడైనా వచ్చిందా, వస్తే అమ్మకి ఎలా చెప్పాడో అడుగు. మాట దొరక్కపోతే ‘దీన్ని తెలుగులో ఏమంటారు నాన్నా’ అని ఆయన్నే అడుగు. ఒక గంట పట్టొచ్చు, రెండు మూడు రాత్రులు పట్టొచ్చు.

ఆ నాలుగు వివరాలూ దొరికాక నాకు రాయి, లెక్క కలిసి వేద్దాం.